మా చేలో దిగిన పిల్ల మబ్బు

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో ఒక బొమ్మల కథ వచ్చేది. పట్నంలో ఒక కుటుంబం. తల్లి దగ్గర్నుంచి తప్పిపోయిన పిల్ల మబ్బు ఒకటి కిటికీలోంచి వాళ్లింట్లో పడుతుంది. వాళ్లు దాన్ని అటక మీద దాచిపెట్టి పెంచుకుంటారు. దాన్ని ఎవరైనా ఏడిపించారంటే ఇంట్లోనే వాన. పరుపులు తడుస్తాయి, పుస్తకాలు తడుస్తాయి, ఇంటాయన వంటింట్లో కూడా గొడుగు వేసుకుని తిరుగుతాడు. ఆ తడి సంగతి పక్కింటివాళ్లకు తెలియకుండా దాచడమే ప్రతివారం కథ. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో, టీవీ ఉన్న ఒకే ఒక ఇంటి వరండాలో కూర్చుని మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. నవ్వేవాళ్లమే గానీ, వానను చూసి వాళ్లెందుకు అంత కంగారుపడతారో మాలో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు.

ఆ బొమ్మల కథనే ఇప్పుడు మనుషులతో, ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే సినిమాగా తీస్తున్నామని హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు ఫోన్ చేశాడు. అప్పటికి నేను అనంతపురంలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. తీరిక దొరికినప్పుడు మా మాటల్లో చిన్న చిన్న హాస్య నాటికలు రాసి, తోటి లెక్చరర్లతో ఆడించి, ఫోన్లో తీసి నెట్‌లో పెట్టేదాన్ని. అవి ఆయన కంటపడ్డాయట. సినిమాలో ఒక ట్యాంకర్ డ్రైవర్ ఉంటాడు, రెండే సీన్లు, వాడికి కాస్త సీమ యాస రాసిపెట్టాలి, అంతే పని అన్నాడు.

సీమ యాస అనగానే నాకు తిక్క రేగింది. మాకు కోపం వస్తే కత్తులు తీస్తామనీ, బండ్లు గాల్లోకి లేస్తాయనీ సినిమావాళ్ల నమ్మకం. నాకు కోపం వస్తే నేను ఎక్కువ మాట్లాడతాను, అంతకుమించి ఏమీ జరగదు. ఆ రోజూ అదే జరిగింది. యాస తర్వాత చూద్దాం గానీ మీ కథే తప్పుచోట ఉంది అని మొదలుపెట్టాను. వానలు పడే ఊళ్లో మబ్బు ఇంట్లోకొస్తే అది ఆ ఒక్క ఇంటి తలనొప్పి, పది నిమిషాల్లో నవ్వు అయిపోతుంది. అదే మబ్బును తెచ్చి మా ఊళ్లో వదలండి, దాచినవాళ్లను ఊరు ఊరుకుంటుందా, ముందు ఎవరి చేలో కురవాలని తన్నుకోరా, మండీ సావుకారు, మండలాఫీసరు, పక్క పల్లెవాళ్లు అందరూ దాని వెంట పడరా అని గుక్క తిప్పుకోకుండా వాయించాను. అంతా విని ఆయన, సెలవు పెట్టి ఒకసారి హైదరాబాదు రాగలరా అని అడిగాడు.

అలా నేను ఆ సినిమాకు కథ మార్చేదాన్నీ, మాటలు రాసేదాన్నీ అయ్యాను. నిర్మాతకు మాత్రం ఇది నచ్చలేదు. హైదరాబాదులో సెట్టు వేస్తే పోయేదానికి ఆ ఎండల్లోకి వంద మందిని తీసుకుపోవడం ఏమిటని ఆయన బాధ. దర్శకుడు నా పక్షాన పట్టుబట్టాడు. చివరికి నిర్మాత ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అక్కడ షూటింగ్ ఒక్క రోజు ఆగినా సరే, అందరూ మూటాముల్లె సర్దుకుని సెట్టుకు తిరిగొచ్చేయాలి, పతాక సన్నివేశం కూడా వేరే రచయిత చేత రాయించాలి. ఆ వేరే రచయిత ఎవరో కూడా ముందే మాట్లాడిపెట్టుకున్నారు. అంటే మొదటి సినిమాకే నా పేరు తెర మీద నిలుస్తుందా, కొట్టేస్తారా అన్నది ఆ కొద్ది రోజుల మీద ఆధారపడింది. ఆ సంగతి నాయనకూ చెప్పాను, దాచలేదు.

నాయన అంటే మా నాన్న. మాకు కళ్యాణదుర్గం రోడ్డు వారన ఎర్రనేల చేను ఉంది, ఏటా చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తాడు. వానకు ఆశపడటం, మోసపోవడం ఆయనకు అలవాటైన పనులు. కథ రాశాక ముందు ఆయనకే చదివి వినిపించాను. నేను నవ్వు వస్తుందనుకున్నచోట ఒక్కచోటా నవ్వలేదు. మబ్బు మాట్లాడుతుందంటే ఒప్పుకున్నాడు, అటక మీద పడుకుంటుందంటే ఒప్పుకున్నాడు, చక్కిలాలు తింటుందంటే కూడా సరేనన్నాడు. పతాక సన్నివేశంలో రెండు నిమిషాలు వాన పడి చేనంతా బురదైపోతుంది, అందరూ ఆ బురదలో జారిపడుతూ మబ్బును తరుముతారు అని చదివానో లేదో, చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"రెండు నిమిషాల వానకి దుమ్ము గూడా అణగదు. కథ రాసినామె ఎప్పుడన్నా వాన సూసిందా?"

అదీ ఆయన విమర్శ. పౌరుషం వచ్చి రెండు నిమిషాలను సగం రోజు చేశాను. దర్శకుడు ఆ మార్పు విని, ఇంత వివరంగా ఆలోచించే రచయితను చూడలేదని మెచ్చుకున్నాడు. ఆ ఘనత మా నాయనదని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

షూటింగ్‌కు మా చేనే కుదిరింది. ట్యాంకర్లు రోడ్డు దిగకుండా నిలబెట్టొచ్చు, వెనకాల కొండ కనబడుతుంది, పైగా నాయన వద్దనడు. అది మృగశిర కార్తె. చేను దున్ని సిద్ధంగా పెట్టుకున్నాడు, ఇంట్లో అమ్మ విత్తనానికని కాయలు ఒలిచి గింజలు మూట కట్టింది. ఇంక రావాల్సింది వాన ఒక్కటే. ఆకాశం మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది.

సినిమా వాన ఎలా కురుస్తుందో చూడ్డానికి చుట్టుపక్కల నాలుగు పల్లెలు కదిలొచ్చాయి. పెద్ద క్రేన్‌కు చిల్లుల గొట్టాలు కట్టారు. పాత కంకర క్వారీ గుంతలో నిలిచిన నీళ్లను ట్యాంకర్లు తెస్తూనే ఉన్నాయి, గొట్టాలు పోస్తూనే ఉన్నాయి. మబ్బును తర్వాత కంప్యూటర్లో పెడతారు కాబట్టి, అప్పటికి పొడుగాటి వెదురుకర్రకు దూదిమూట కట్టి ఒకాయన ఎత్తి పట్టుకున్నాడు. మండీ సావుకారు వేషం వేసిన లావుపాటి హాస్యనటుడు ఆ దూదిమూటను చేతులు జోడించి బతిమాలుతుంటే జనం కళ్లార్పకుండా చూశారు. రాష్ట్రమంతటికీ తెలిసిన ముఖం ఆయనది. అయినా మా వాళ్ల చూపు కాసేపటికి ఆయన మీద నుంచి జారి నేల మీదికి దిగింది. ఎర్రమట్టి తడిసి నల్లబడుతుంటే, ఆ వాసన లేస్తుంటే, ముందుకు జరిగి జరిగి చూశారు. మధ్యాహ్నానికి అర ఎకరా నిండా తడిసింది. సాయంత్రానికి నీళ్లు లోపలికి ఇంకిపోయాయి.

ఆ రోజు వాన పడే భాగం అయిపోయింది. మర్నాడు పొద్దున బురదలో తరుములాట తీయాలి, మళ్లీ కాస్త తడిపితే చాలు. అప్పటిదాకా చేను ముట్టుకోవద్దని దర్శకుడు చెప్పమంటే, నేనే పోయి నాయనకు చెప్పాను. ఆయన గట్టు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేలలోకి జానెడు లోతున చెయ్యి దింపి, గుప్పెడు మట్టి తీసి, ముద్దగా నొక్కి చూస్తున్నాడు. ముద్ద విడిపోకుండా నిలిచింది. నిలిచిందంటే పదును పడినట్టు, అంటే విత్తనం వేయడానికి సరిపడా తడి ఉన్నట్టు. నేను చెప్పిందానికల్లా తల ఊపాడు. ఊపుతూనే ఆ ముద్దను పక్కన నిలబడ్డ మా మేనమామ చేతికిచ్చాడు. ఆయన కూడా నొక్కి చూశాడు. ఇదంతా నా కళ్లెదురుగానే జరిగింది. పుట్టి పెరిగింది ఆ చేలోనే అయినా, నా బుర్రంతా మర్నాటి సీను మీదుంది.

పొద్దున ఎనిమిదింటికి మా కారు చేను దగ్గర ఆగేసరికి దర్శకుడు దిగి, రెండడుగులు వేసి, అలాగే నిలబడిపోయాడు. చేలో బురద లేదు. అర ఎకరా పొడుగునా దారం పట్టినట్టు సాళ్లు. తెల్లవారుజామున ఎద్దులు కట్టి, విత్తనం వేసే గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మేనమామ గొర్రు తోలుతుంటే అమ్మ విత్తనం పోసిందట. మేము వచ్చేటప్పటికి పైన మట్టి కప్పడం కూడా అయిపోయింది. నాయన గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు, పొద్దున్నే మంచి పని చేసుకున్న మనిషి మొహంలా ఉంది ఆయన మొహం.

నేను ఆయన మీదికి పోయాను. ఏం మాట్లాడానో వరసగా గుర్తు లేదు గానీ, పాఠం చెప్పే గొంతుతోనే అరిచి ఉంటాను. నిన్న చెప్పింది ఏమిటి, నువ్వు తల ఊపింది ఏమిటి, ఈ సీను పోతే నా పేరు పోతుందని తెలిసి కూడా ఎలా చేయబుద్ధయింది అని అడిగాను.

"పదును పడినాంక సూస్తా కూసుంటారా ఎవరన్నా?" అన్నాడు నాయన.

"అది సినిమా వాన నాయనా."

"వాన ఎవురిదైతే ఏమి? తడిసింది మన నేల కదా."

ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. ఏడుపు ఆపుకుంటున్న సంగతి నా మొహంలో కనబడి ఉంటుంది. నాయన నా వైపు చూశాడు. తర్వాత బీడీ నేలకు రాసి ఆర్పేసి, లేచి, తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "తొక్కుకోండి పా. పోతే ఇత్తనాలు పోతాయి," అని చేనికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అలా చూడకుండా తిరిగి నిలబడటమే నాకు కష్టమైంది. ఆయన గొడవ పడి ఉంటే తొక్కించేదాన్నే.

ఇంతలో ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు. ఆయనది ఎప్పుడూ ఉరుములాంటి గొంతు. దూరం నుంచే నాయనను తిట్టడం మొదలుపెట్టి, గట్టు దిగి చేలోకి కాలు పెట్టబోయాడు. గట్టు మీద జనం గుంపుగా ఉన్నారు. సినిమాలో ఊరి జనంగా నిలబడ్డానికి పిలిపించిన మా పల్లెవాళ్లే వాళ్లు. చెప్పకుండానే అందరూ చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు, విత్తనం పడిన చేను కదా. వాళ్లలో ఒక ముసలామె మేనేజర్ చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇత్తనం ఏసిండారు, బూట్లు ఇడిసి దిగప్పా," అంది. ఆయన ఏ లోకంలో ఉన్నాడో గానీ, తిట్టడం ఆపకుండానే బూట్లు విప్పాడు. రెండు బూట్లూ రెండు చేతుల్లో పట్టుకుని, ప్యాంటు పైకి లాక్కుని, సాలు మీద అడుగు పడకుండా వేళ్ల మీద నడుస్తూ చేనికడ్డంగా నాయన వైపు బయలుదేరాడు. ఒక్కో అడుగుకు ఒక్కో తిట్టు. అడుగు ఎక్కడ వేయాలో వెతుక్కునేటప్పుడు తిట్టు ఆగుతుంది, కాలు ఆనగానే మళ్లీ అందుకుంటుంది. నాయన దగ్గరికి చేరేసరికి ఆయనకు తిట్లూ ఊపిరీ రెండూ అయిపోయాయి.

నేను ముందు నవ్వాను. తర్వాత గట్టంతా నవ్వింది. చివరికి దర్శకుడు నవ్వాడు. ఆయన నవ్వుతూ నా వైపు చూసేసరికి నేను అప్పటికే ట్యాంకర్ మెట్టు మీద కూర్చుని ప్యాడ్ తెరిచాను. బొమ్మల కథలో లేనిది, నా కథలోనూ లేనిది, మా ఊరు పొద్దున్నే ఉచితంగా ఆడి చూపించింది. రాసుకోవడమే నా వంతు. ముప్పావు గంటలో రాసేశాను. అంత వేగంగా నేను అంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

కొత్త సీనులో పిల్ల మబ్బు కురిసి కురిసి చేను మధ్యన పైన వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి సావుకారు, మండలాఫీసరు, ట్యాంకర్ డ్రైవర్ ముగ్గురూ మూడు వైపుల నుంచి పరుగెత్తుకొస్తారు. గట్టు దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే మబ్బును పెంచిన ఇంటి ముసలాయన అప్పటికే విత్తనం వేసేశాడు. మబ్బు కావాలి, సాలు తొక్కకూడదు. ముగ్గురూ చెప్పులు, బూట్లు చేతుల్లో పట్టుకుని, వేళ్ల మీద, గొడవ పడుతూ, ఒకరి ముందు ఒకరు దాటిపోవడానికి ప్రయత్నిస్తూ నడుస్తారు. తరుములాటే గానీ ఎవరూ పరుగెత్తరు. మబ్బుకు ఇది చూసి నవ్వాగదు. అది నవ్వినా వానే.

దర్శకుడు కాగితాలు రెండుసార్లు చదివాడు. కెమెరాను గట్టు మీదికి మార్చమన్నాడు. మేనేజర్‌కు మాత్రం ఇది తన నడకేనని ఎవరూ చెప్పలేదు. ఆయన మధ్యాహ్నం దాకా, ఈ సీను ఎక్కడో చూసినట్టుంది అంటూనే ఉన్నాడు.

చిక్కల్లా హాస్యనటుడితో వచ్చింది. పొట్ట అడ్డం వచ్చి ఆయన కాళ్లు ఆయనకే కనబడవు. రిహార్సల్లో రెండుసార్లు సాలు మీద కాలు వేశాడు. రోడ్డు వైపు తిరిగి నిలబడ్డ నాయన ఎప్పుడు ఇటు తిరిగాడో తెలియదు గానీ, మూడోసారి వచ్చేసరికి ఆయన గట్టు మీద నటుడికి సమాంతరంగా నడుస్తున్నాడు. "అన్నా, కాలు సాలు మీద పడతాండాది. రవ్వంత ఎడమకి," అని ఒక్కో అడుగుకీ దారి చెప్పాడు. నటుడు చెప్పినట్టే చేశాడు. అప్పటికే కెమెరా తిరుగుతోందని నాయనకు తెలియదు, నాకూ తెలియదు. దర్శకుడికి మాత్రం తెలుసు. ఆ షాట్ అలాగే సినిమాలో ఉంది. గట్టు మీద తుండు వేసుకుని సావుకారుకు అడుగులు చెబుతున్న ముసలాయన మా నాయనే. పొద్దు వాలేలోపే సీను పూర్తయింది, షూటింగ్ ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఆరేడు రోజులకు మొలకలు వచ్చాయి. మిగిలిన సీన్లకని యూనిట్ ఇంకా కళ్యాణదుర్గంలోనే ఉంది. పదో రోజున ఎవరూ అడగకుండానే మేనేజర్ ఒక ట్యాంకర్‌ను, ఒక గొట్టాన్ని మా చేనికి పంపించాడు. తనూ వెంట వచ్చాడు. ఈసారి రోడ్డు మీదే బూట్లు విప్పాడు. సన్నగా పోయించమని నాయన చెబితే సన్నగా పోయించాడు. అసలు ముంగారు వాన, అంటే తొలకరి, ఆ తర్వాత ఇంకో పది రోజులకు గానీ పడలేదు. అప్పుడు మిగతా చేను విత్తారు. పంట చేతికొచ్చేదాకా మా చేలో ఒక అర ఎకరా మాత్రం జానెడు ఎత్తు ఎక్కువగా ఉండేది. షేర్ ఆటోల్లో పోయేవాళ్లు చెయ్యి చాపి, అదిగో సినిమా చెనిక్కాయ అని చూపించుకునేవాళ్లు. నాయనకు అది గర్వంగానే ఉండేదని నాకు తెలుసు, ఒప్పుకునేవాడు కాదు.

సినిమా విడుదలయ్యాక కళ్యాణదుర్గం థియేటర్లో మధ్యాహ్నం ఆటకు నాయనను తీసుకుపోయాను. అమ్మ ముందురోజే ఆడవాళ్లందరితో కలిసి చూసేసింది. కథ, మాటలు అని నా పేరు పడినప్పుడు నాయన తుండుతో మొహం తుడుచుకుంటున్నాడు, చూశాడో లేదో తెలియదు. తరుములాట వచ్చింది. హైదరాబాదులో ముందస్తు ఆట వేసినప్పుడు జనం నటుడి పొట్టకు నవ్వారు. ఇక్కడ అలా కాదు, అడుగడుగుకీ నవ్వారు. మా ముందు వరసలో ఒకాయన తెరకేసి చెయ్యి చాపి, "సాలు తొక్కొద్దప్పా," అని నిజంగానే కేకేశాడు. ఇంతకంటే నాకు వేరే మెప్పు అక్కర్లేదనుకున్నాను.

ఆట అయ్యాక బయట టీ బంకు దగ్గర గ్లాసులు పట్టుకుని, ఇన్ని నెలలుగా మనసులో నానుతున్న మాట అడిగాను. ముట్టుకోవద్దని చెప్పినా, నా పేరు పోతుందని తెలిసినా, ఆ పొద్దు విత్తనం ఎందుకు వేశావు నాయనా అన్నాను. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నువ్వుండావు కదా అనుకుంటి. నువ్వు రాసింది నువ్వు మార్సి రాసుకుంటావు. పదును ఎల్లిపోతే నేను యాడికి పోయి తెచ్చుకోవల్ల?"

మరి అలాంటప్పుడు తొక్కుకోమని ఎందుకన్నావని అడిగాను.

"నీ మొగం సూల్లేక అంటి."

ఆ పొద్దు గట్టు మీద నిలబడి, నా పని ఆయనకు పట్టలేదనుకుని అంత అరిచాను. సినిమాలో పని చేసిన వంద మందిలో, నేను ఇంకో సీను రాయగలనో లేదో అని ఒక్క క్షణం కూడా అనుమానపడని మనిషి ఆయన ఒక్కడే. నిర్మాత అనుమానపడ్డాడు, దర్శకుడు పడ్డాడు, అందరికంటే ఎక్కువగా నేనే పడ్డాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, టీ పొగ అన్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాను. అప్పటికే మా ఊరి బస్సు వచ్చింది. నాయన గ్లాసు బంకు మీద పెట్టి, నాకంటే ముందు పోయి కిటికీలోంచి తుండు వేసి రెండు సీట్లు పట్టుకున్నాడు.